ఐజయాకు చూపిన రెండో కాగితం

మా ఆఫీసు రికార్డుల్లో ఐజయా వెల్స్ అనే ఆటగాడు లేడు. చేరినవాళ్ల ఫైళ్లే మా దగ్గర ఉంటాయి. వచ్చి, చూసి, చేరకుండా వెళ్లిపోయినవాళ్ల కాగితాలు కొన్నాళ్లకు తీసేస్తారు. కానీ ఇన్నేళ్ల ఉద్యోగంలో నేను ఎక్కువసార్లు తలుచుకునే కేసు అతనిదే. నేను రాయకపోతే అది ఎక్కడా ఉండదు. రాయడానికి ఇంకో కారణం కూడా ఉంది. మిషిగన్ రాష్ట్రం ట్రాయ్‌లోని మా తెలుగు చర్చిలో ఆరాధన అయ్యాక భోజనాల దగ్గర ఎవరో ఒకరు నవ్వుతూ అడుగుతారు: "ఫుట్‌బాల్ కుర్రాళ్లకు చదువేంటండీ, ఊరికే పాస్ చేసేస్తారట కదా?" బిర్యానీ ప్లేటు చేత్తో పట్టుకుని చెప్పగలిగే జవాబు కాదది. అందుకే కూర్చుని రాస్తున్నాను.

ముందు నా సంగతి. నేను తణుకులో బీఎస్సీ చదివాను. ఇంజనీరింగ్ ఎంట్రన్స్‌లో ర్యాంకు రాలేదు కాబట్టి బీఎస్సీ, ఆ కాలేజీలో ఆ గ్రూపులోనే సీటు ఖాళీ ఉంది కాబట్టి ఆ గ్రూపు. నా భార్య సునీత కార్ల కంపెనీలో ఇంజనీరు. ఆమె ఉద్యోగం మీద మిషిగన్ వచ్చాం. డిపెండెంట్ వీసా మీద వచ్చిన భర్తను నేను. పని చేయడానికి వీల్లేదు. పొద్దున్నే ఆమెను ఆఫీసు దగ్గర దింపి, నేరుగా మా ఊరి పబ్లిక్ లైబ్రరీకి పోయేవాణ్ణి. తలుపులు తెరిచేసరికి మెట్ల మీద నేనే ఉండేవాణ్ణి. అమెరికా కాలేజీలంటే ఏమిటో, ప్రతి కోర్సుకూ లెక్కగట్టే క్రెడిట్ అంటే ఏమిటో అక్కడే నేర్చుకున్నాను. జనం నవలలు చదివినట్టు నేను కాలేజీ కేటలాగులు చదివాను. ఫుట్‌బాల్ కూడా, అంటే బంతిని చేతుల్తో ఆడే ఇక్కడి ఫుట్‌బాల్, అక్కడే నేర్చుకున్నాను, పిల్లల సెక్షన్‌లోని బొమ్మల పుస్తకంలోంచి. అందులో నాకు బాగా నచ్చింది లైన్‌మెన్ గురించిన పేజీ. అయిదుగురు భారీ మనుషులు ముందు వరసలో నిలబడి, వెనకున్నవాడి మీద ఎవరూ పడకుండా కాస్తారు. బంతి వాళ్ల చేతికి రాదు. బాగా ఆడితే వాళ్ల పేరు ఎవరూ ఎత్తరు. తప్పు చేసిన రోజే మైకులో వినిపిస్తుంది.

ఆ లైబ్రరీలో ఐలీన్ అనే పెద్దావిడ రిఫరెన్స్ డెస్క్‌లో ఉండేవారు. ఒకసారి నేను అడిగిన పుస్తకం లేకపోతే, "సరే, థాంక్స్" అని వెనక్కి తిరిగాను. ఆమె ఆపారు. "మా దగ్గర లేదు అనేది సగం జవాబే. ఎక్కడ ఉందో కూడా చెప్పాలి కదా, కూర్చో" అన్నారు. వేరే ఊరి లైబ్రరీ నుంచి ఆ పుస్తకం తెప్పించి ఇచ్చారు. అక్కడ అది రోజూ జరిగే పనే. నాకు మాత్రం కొత్త. మన ఆఫీసుల్లో "లేదు" అంటే అదే పూర్తి జవాబు.

వర్క్ పర్మిట్ వచ్చాక, గంట ప్రయాణం దూరంలోని ఒక యూనివర్సిటీలో, ఆటగాళ్ల చదువు చూసే విభాగంలో పనికి కుదిరాను. మొదట లెక్కల ట్యూటర్‌గా, తర్వాత ట్రాన్స్‌ఫర్ అడ్వైజర్‌గా. వేరే కాలేజీ నుంచి మారి వచ్చే ఆటగాడి పాత క్రెడిట్లలో మా దగ్గర ఏవి చెల్లుతాయో, ఏ డిగ్రీలో పెడితే అతను ఆడటానికి అర్హుడవుతాడో చూసి చెప్పడం నా పని.

ఇక్కడ ఒక నిబంధన చెప్పాలి. లేకపోతే మిగతాది అర్థం కాదు. కాలేజీ మారాలనుకున్న ఆటగాడు ట్రాన్స్‌ఫర్ పోర్టల్ అనే జాబితాలో పేరు పెడతాడు. కోచ్‌లు చూసి పిలుస్తారు. మన ఇంజనీరింగ్ కౌన్సెలింగ్‌లో వెబ్ ఆప్షన్లు పెట్టినట్టే, కాకపోతే ఇక్కడ ఆప్షన్లు రెండు వైపులా ఉంటాయి. ఇదివరకు మారినవాడు ఒక సీజన్ ఆడకుండా కూర్చోవాల్సి వచ్చేది. ఇప్పుడు చదువు సరిగ్గా ఉంటే వెంటనే ఆడొచ్చు. "సరిగ్గా" అంటే, మాలాంటి పెద్ద కాలేజీలు ఆడే పెద్ద డివిజన్‌లో నాలుగో ఏడు ఆడాలంటే, తాను చదువుతున్న డిగ్రీలో అరవై శాతం అప్పటికే పూర్తి కావాలి. చదువుతున్న ఆ డిగ్రీలోనే. దానికి పనికిరాని క్రెడిట్లు ఎన్ని ఉన్నా లెక్కలోకి రావు. అందుకని మా వృత్తిలో ఒక అలవాటు ఏర్పడింది. కుర్రాడికి ఏం కావాలో అడగడానికి ముందే, అతని క్రెడిట్లన్నిటినీ మింగగలిగే డిగ్రీ ఏదో చూస్తాం. దాదాపు ప్రతిసారీ వచ్చే జవాబు జనరల్ స్టడీస్. అన్నీ కొంచెం కొంచెం చదివితే ఇచ్చే డిగ్రీ. దాన్ని ఒక కాగితం మీద అందంగా వేసి చూపిస్తాం. ఒక్క కాగితమే.

2024 డిసెంబరులో ఒక శనివారం ఐజయా వచ్చాడు. ఒహాయో కుర్రాడు, కాలేజీలో మూడో ఏడు, లెఫ్ట్ టాకిల్. బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్‌కు కనిపించని వైపు కాపలా కాసే లైన్‌మన్. మన బైబిల్లో యెషయా అన్న పేరే ఇక్కడ ఐజయా. మాది అతనికి మూడో కాలేజీ అయ్యేది. మొదటి చోట స్పోర్ట్స్ మేనేజ్‌మెంట్‌లో, రెండో చోట కమ్యూనికేషన్‌లో పెట్టారు. రెండూ అతను ఎంచుకున్నవి కావు. స్టేడియం చూపించారు, మా జెర్సీ తొడిగి ఫోటోలు తీశారు. ఆటగాడికి ముట్టే డబ్బు సంగతి వేరే గదిలో వేరేవాళ్లు మాట్లాడారు. భోజనానికి ముందు కొంచెం సేపు నా గదికి పంపారు. తలుపులోంచి కొంచెం పక్కకి తిరిగి లోపలికొచ్చాడు. వెనకే వాళ్లమ్మ ఇవాన్, స్కూల్ బస్ డ్రైవరు. చలికోటు విప్పలేదు.

నేను నా కాగితం చూపించాను. జనరల్ స్టడీస్‌లో పెడితే ఆగస్టుకల్లా అరవై శాతం దాటేస్తాడు, సీజన్ మొదటి రోజునుంచే ఆడొచ్చు. ఐజయా తల ఊపాడు. ఇలాంటి కాగితాలు అతను ఇదివరకే చూశాడు.

ఇవాన్ కాగితాన్ని తన వైపు తిప్పుకున్నారు. "సర్, బాగా చెప్పారు. ఒక్కటే అర్థం కాలేదు. ఇది చదివినవాణ్ణి ఏమంటారు?"

"ఏమనడమంటే?"

"నర్సింగ్ చదివితే నర్సంటారు. నేను బస్సు తోలతాను, డ్రైవరంటారు. ఇది చదివితే మావాణ్ణి ఏమని పిలుస్తారు?"

"గ్రాడ్యుయేట్ అంటారు" అన్నాను.

"అది పట్టా తీసుకున్న రోజు. మర్నాడు?"

"మామ్, ప్లీజ్" అన్నాడు ఐజయా, కుర్చీలో ఇబ్బందిగా కదులుతూ. కుర్చీ కిర్రుమంది.

"నువ్వుండు. మూడు కాలేజీలు తిరిగాం, ఒక్కచోటైనా ఈ మాట అడిగామా?"

నేను ఆ కాగితాన్ని మళ్లీ నా వైపు తిప్పుకున్నాను. ఇంతలో లంచ్‌కి తీసుకెళ్లడానికి మనిషి వచ్చాడు. దారిలో మా ట్యూటరింగ్ గది కూడా చూపించమన్నాను.

ఆ గదిలో ఆ రోజు హర్షిత ఉంది. ఖమ్మం అమ్మాయి, మాస్టర్స్ చదువుతూ మా దగ్గర స్టాటిస్టిక్స్ ట్యూటర్‌గా పార్ట్‌టైమ్ చేసేది. మంచు పడే రోజుల్లో నా కార్‌లోనే ఇంటికి డ్రాప్ చేసేవాణ్ణి. ఆ సాయంత్రం కారెక్కగానే మొదలుపెట్టింది.

"అంకుల్, పొద్దున వచ్చిన ఆ పెద్దాయన ఎవరు?"

"పెద్దాయనేంటమ్మా, నీకంటే చిన్నవాడు."

"నాలాంటోళ్లు ముగ్గురు పడతరు ఆయనల! కానీ ఏమడిగిండో తెలుసా? స్టేడియం గురించి ఒక్క ముచ్చట లేదు. పిల్లలకు ఒకసారి చెప్తే అర్థం కాకపోతే ఏం చేస్తవ్, రెండోసారి అదే చెప్తవా, వేరే తీరుగ చెప్తవా అని అడిగిండు. సెకండ్ గ్రేడ్ టీచర్ అవుతడంట. మీకు చెప్పలేదా?"

"నేను అడగలేదు."

"మరి ఏం అడిగిన్రు?"

"ఏమీ అడగలేదు. అతని క్రెడిట్లకు సరిపోయే కోర్సు చెప్పాను. ఆడటానికి అడ్డం రాదు. మిగతాది తర్వాత చూసుకోవచ్చు."

హర్షిత పగలబడి నవ్వింది. "అయ్యో అంకుల్! మీరు అచ్చం మా అమీర్‌పేట కన్సల్టెన్సీ అన్న లెక్కనే మాట్లాడుతున్నరు. 'నీ స్కోర్‌కి ఈ యూనివర్సిటీ, ఈ కోర్సు. ఐ-ట్వంటీ జల్ది వస్తది, వీసా వస్తది, మిగతాది అక్కడికి పోయినంక చూసుకో.' నేను మైక్రోబయాలజీ పిల్లను అంకుల్. డేటా అనలిటిక్స్ చదువుతున్న. చూసుకుంటనే ఉన్న ఇంకా."

నవ్వుతూనే అంది. ఆమె దిగి వెళ్లిపోయాక కూడా ఆ మాట కార్‌లోనే ఉండిపోయింది. సీటు ఖాళీని బట్టి గ్రూపు తీసుకున్నవాణ్ణి నేను. మళ్లీ అదే పని పక్కవాళ్లకు, కాగితం మీద అందంగా వేసి మరీ చేస్తున్నాను.

రాత్రి భోజనమయ్యాక టేబుల్ మీద కేటలాగు తెరిచాను. ఎలిమెంటరీ ఎడ్యుకేషన్, అంటే చిన్న తరగతుల టీచర్ డిగ్రీ. ఐజయా క్రెడిట్లలో అందులో ఇమిడేవి సగానికి తక్కువే. ఎండాకాలం అంతా చదివినా ఆగస్టుకి అరవై శాతం అందదు. ఒక సీజన్ కూర్చోవాలి, ఆ తర్వాతి ఏడాది ఆడొచ్చు. పైగా ఆ డిగ్రీలో ఫీల్డ్ ప్లేస్‌మెంట్ ఉంటుంది. బడికి వెళ్లి తరగతిలో టీచరు పక్కన పనిచేయడం. అది పొద్దున పూటే ఉంటుంది. మా ప్రాక్టీసు కూడా పొద్దున పూటే.

సునీత గిన్నెలు సర్దుతూ తొంగి చూసింది. "శనివారం కూడా ఆ కేటలాగులేనా? కావలసింది కోచ్‌కి ఇచ్చేశారు కదా."

"ఇంకో కాగితం వేస్తున్నాను."

"ఎవరు వెయ్యమన్నారు?"

"ఎవరూ వెయ్యమనలేదు."

"మీ కోచ్ ఊరుకుంటాడా?" ఆఖరి గిన్నె అల్మరాలో పెట్టి మళ్లీ అంది. "సరేలెండి. వెయ్యండి. తర్వాత నాకు చెప్పుకుని బాధపడకండి, అంతే."

ఆదివారం టిఫిన్ అయ్యాక వాళ్లు బయల్దేరాలి. నేను ముందే వెళ్లి లైన్ కోచ్ రిగ్స్‌ను కలిశాను. ఆయన నన్ను పేరుతో పిలవడు, "లైబ్రేరియన్" అంటాడు. రెండు కాగితాలూ ముందు పెట్టాను.

ఆయన రెండోదాన్ని వేలితో వెనక్కి తోశాడు. "ఒక కాగితం చూపిస్తే సంతకం పెడతాడు. రెండు చూపిస్తే ఆలోచించడం మొదలుపెడతాడు. నాకు ఆగస్టుకి లెఫ్ట్ టాకిల్ కావాలి లైబ్రేరియన్, సెకండ్ గ్రేడ్ టీచర్ కాదు."

"అతనికి టీచర్ కావాలని ఉంది."

"నాకూ ఏదో కావాలని ఉండేది." తన కాఫీ కప్పు వైపు చూశాడు. "చూడు. ఒక సీజన్ కూర్చోబెట్టి స్కాలర్‌షిప్ ఇవ్వమంటావు. ఈ ఏడాది ఓడిపోతే వచ్చే ఏడాది ఈ గదిలో నేనుండను. నేనే లేకపోతే అతన్ని నిలబెట్టేదెవరు? కోచ్‌లకూ పోర్టల్ ఉందయ్యా. దానికి పేరు పెట్టలేదంతే."

ఆయన మాటలో అబద్ధం లేదు. ఆయన చెడ్డవాడు కాదు. తన పని ప్రకారం సరిగ్గానే మాట్లాడాడు. "అడిగితే దాచను కోచ్" అన్నాను. "అడగడులే" అన్నాడాయన.

అడిగింది ఇవాన్. నా గదిలో కూర్చోగానే, "నిన్నటి ప్రశ్నకు జవాబు దొరికిందా సర్?" అన్నారు.

రెండో కాగితం తీశాను. పైన ఉన్న పేరు చదివి ఐజయా తలెత్తాడు. "ఇది మీకెవరు చెప్పారు?"

"మా ట్యూటర్."

ఇవాన్ నవ్వారు. "వీడికి అది ఇప్పటి సరదా కాదు సర్. హైస్కూల్లో ఉన్నప్పుడు నా బస్సులో మొదట ఎక్కేదీ, ఆఖర్న దిగేదీ వీడే. కిండర్‌గార్టెన్ పిల్లలు బస్సు మెట్లెక్కలేకపోతే బ్యాగుతో సహా ఎత్తి లోపల పెట్టేవాడు. దారంతా వాళ్లకు అక్షరాలు. నాకు తల నొప్పి."

"మామ్."

"ఏం, అబద్ధమా?"

నేను మొత్తం చెప్పాను. టీచర్ డిగ్రీ అయితే వచ్చే సీజన్ కూర్చోవాలని, ఆ ఏడాది స్కాలర్‌షిప్‌కు కోచ్ హామీ ఇవ్వడం లేదని, జనరల్ స్టడీస్ అయితే వెంటనే ఆడొచ్చని, కానీ ఆట అయిపోయాక టీచర్ చదువుకు సొంత డబ్బు పెట్టుకోవాలని.

ఐజయా రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టాడు. "నాకు ఆడటం కూడా కావాలి సర్" అన్నాడు మెల్లగా. "అది వద్దని ఎవరైనా అనుకుంటారేమో. నాకు చాలా ఇష్టం. ఒక ఏడాది కూర్చుంటే మళ్లీ నన్నెవరు చూస్తారు?"

ఇవాన్ నా వైపు తిరిగారు. "రెండూ కుదిరే చోటు లేదా?"

"మా దగ్గర లేదు" అన్నాను.

అనగానే ఐలీన్ గారు గుర్తొచ్చారు. అది సగం జవాబే. మిగతా సగం నాకు తెలుసు. కానీ దానికి నాకు జీతం ఇవ్వడం లేదు. ఇంకా చెప్పాలంటే, చెప్పకుండా ఉండటానికే ఇస్తున్నారు. కిటికీలోంచి చూస్తే పార్కింగ్‌లో వాళ్లను తీసుకెళ్లే వ్యాను పొగలు కక్కుతూ నిలబడి ఉంది.

"ఒక మెట్టు కింది డివిజన్‌లో ఈ శాతాల నిబంధన లేదు" అన్నాను. "ఏటా కావలసినన్ని క్రెడిట్లు పూర్తి చేసి, మార్కులు నిలబెట్టుకుంటే చాలు. అక్కడ టీచర్ డిగ్రీ చదువుతూ ఆగస్టులోనే ఆడొచ్చు. ప్రాక్టీసు సాయంత్రం పూట పెట్టే కాలేజీలూ ఉన్నాయి. స్టేడియం చిన్నది. టీవీలో రారు. స్కాలర్‌షిప్ పూర్తిగా ఇవ్వకపోవచ్చు. వాళ్లను అడగాల్సింది మీరే. ఏం అడగాలో మాత్రం నేను చెప్పగలను."

ఇవాన్ కోటు విప్పి కుర్చీకి తగిలించారు. పెన్ను అడిగారు.

వ్యాను కాసేపు ఆగాల్సి వచ్చింది.

మూడో రోజు కోచ్ రిగ్స్ నా గుమ్మంలో నిలబడ్డాడు. "ఉత్తరాన ఏదో చిన్న కాలేజీకి పోతున్నాడట నీ టీచరు. సంతోషమేనా?" అన్నాడు. జవాబు కోసం ఆగలేదు. మా డైరెక్టర్ పిలిచి, వచ్చినవాళ్లను వేరే కాలేజీకి పంపడానికి కాదు మనం ఇక్కడున్నది అన్నారు. అది నిజమే. అడిగినదానికి పూర్తిగా చెప్పకుండా ఉండలేనని నేనన్నాను. అదీ నిజమే. ఉద్యోగం పోలేదు. కానీ ఆ వసంతమంతా ఆటగాళ్లతో మొదటి మీటింగులు నాకు ఇవ్వలేదు. కోచ్ పోర్టల్‌లోంచి ఇంకో లెఫ్ట్ టాకిల్‌ను తెచ్చుకున్నాడు. అతను బాగానే ఆడాడు, సీజన్ కాగానే ఇంకెక్కడికో వెళ్లిపోయాడు.

ఐజయా మధ్యలో ఫోన్ చేసేవాడు. చిన్నపిల్లలకు లెక్కలు చెప్పడమెలాగో నేర్పే కోర్సు అతన్ని బాగా ఏడిపించింది. భిన్నాన్ని భిన్నంతో భాగించేటప్పుడు ఎందుకు తిరగేస్తామో పిల్లలకు అర్థమయ్యేలా చెప్పమన్నారట. నాకు తిరగేయడమే తెలుసు. ఎందుకో ఎప్పుడూ ఆలోచించలేదు. హర్షితకు ఫోన్ ఇచ్చాను. ఆమె అరగంట సేపు పిజ్జా ముక్కలతో చెప్పింది. మధ్యలో ఫోన్ మీద చెయ్యి అడ్డం పెట్టి, "అంకుల్, ఈయన నాకే క్లాస్ పీకుతుండు, వేరే తీరుగ చెప్పు అంటుండు" అని నవ్వింది.

మరుసటి అక్టోబరులో ఇవాన్ మమ్మల్ని ఆటకు పిలిచారు. సునీత, నేను, హర్షిత కార్‌లో ఉత్తరానికి బయల్దేరాం. ఆకులన్నీ ఎర్రగా తిరిగి ఉన్నాయి. స్టేడియం మా దగ్గరున్నదానిలో మూలకు కూడా రాదు. ఇనప బెంచీలు. ఇవాన్ పక్కన కూర్చున్నాం. ఆట మొదలైంది. ఐజయా ముందు వరసలో వంగి నిలబడ్డాడు. లైన్‌మెన్ పని లైన్‌మెన్ పనిలాగే సాగింది. తోశాడు, ఆపాడు, లేచాడు, మళ్లీ వంగాడు. మైకులో అతని పేరు ఒక్కసారీ రాలేదు. అంటే బాగా ఆడుతున్నాడని నాకు తెలుసు.

రెండో క్వార్టర్‌లో ఎడమ పక్క బెంచీల్లో గొడవ మొదలైంది. ఓ పాతికమంది చిన్నపిల్లలు, మందపాటి జాకెట్లలో గుండ్రంగా, వాళ్ల టీచరుతో, కొందరి తల్లిదండ్రులతో వచ్చారు. అట్టముక్కల మీద రంగు పెన్సిళ్లతో ఏదో రాసుకొచ్చారు. ఆట వాళ్లకు ఏమీ అర్థం కావడం లేదు. బంతి ఎటు పోతోందో చూడటమే లేదు. అందరూ ఒక్కడినే చూస్తూ, బంతి లేనివాణ్ణి, గొంతు చించుకుని పిలుస్తున్నారు.

"మిస్టర్ వెల్స్! మిస్టర్ వెల్స్!"

పొద్దున పూట అతను ప్లేస్‌మెంట్ చేస్తున్న బడి పిల్లలు. ఇక్కడి బడుల్లో టీచర్‌ను పిలిచేది అలాగే. రెండో తరగతి.

నేను ఇవాన్ వైపు చూశాను. ఆమె మైదానం వైపే చూస్తున్నారు. "విన్నారా సర్" అన్నారు.

ఆ కేసు తర్వాత నా పని పద్ధతి కొంచెం మారింది. కుర్రాడి మార్కుల కాగితం ముందు తెరవను. ముందు అడుగుతాను: ఆట అయిపోయాక ఒక సోమవారం పొద్దున నువ్వెక్కడ ఉండాలనుకుంటున్నావు? చాలామంది తెలియదంటారు. వాళ్లలో కొందరికి జనరల్ స్టడీస్ నిజంగానే మంచిది, అదే చెబుతాను. తెలిసినవాళ్లకు రెండో కాగితం వేస్తాను. దానివల్ల ఆటగాళ్లను పోగొట్టుకున్నాం. కొందరు రెండో కాగితం చూశాకే మా దగ్గర ఉండిపోయారు కూడా. చర్చిలో అడిగేవాళ్లకు నా జవాబు ఇదే. ఈ కుర్రాళ్లను ఊరికే పాస్ చేయడం నేను చూడలేదు. నేను చూసింది వేరు. వాళ్లకు చదువు ఇస్తారు, ఏ చదువో అడగడం మరిచిపోతారు.

ఇక కృతజ్ఞతలు. "మా దగ్గర లేదు" అన్న తర్వాత ఏం చెప్పాలో నేర్పిన ఐలీన్ గారికి. ఆమె రిటైరయ్యారు, ఆ డెస్క్ ఇంకా ఉంది. కన్సల్టెన్సీ అన్న పేరు నాకు పెట్టిన హర్షితకు. ఇప్పుడు వాషింగ్టన్ రాష్ట్రం బాతెల్‌లో ఒక బయోటెక్ కంపెనీలో చేస్తోంది, మైక్రోబయాలజీకి దగ్గరగా. చెప్పుకుని బాధపడొద్దని చెప్పి, ఆ తర్వాత వసంతమంతా చెప్పుకుంటే విన్న సునీతకు. కోచ్ రిగ్స్‌కు కూడా. పోయిన డిసెంబరులో ఆయన వేరే రాష్ట్రానికి మారిపోతూ అట్టపెట్టెతో నా గుమ్మంలో ఆగి, "లైబ్రేరియన్, మా అమ్మాయి కాలేజీలకు అప్లై చేస్తోంది. నీతో మాట్లాడమంటాను. దానికి రెండు కాగితాలూ చూపించు" అన్నారు. ఏ దారి తేలికో తెలిసి కూడా తనకు ఏది ఇష్టమో దాచుకోని ఐజయాకు.

అందరికంటే ఎక్కువగా ఇవాన్ గారికి. ఆమె అడిగిన ప్రశ్నకు ఆ శనివారం నా దగ్గర జవాబు లేదు. ఆ జవాబు చెప్పినవాళ్ల పేర్లు నాకు తెలియవు. అందుకే పేరు పేరునా చెప్పలేకపోతున్నాను: ఎడమ పక్క బెంచీలు, రెండో తరగతి.